ఇసక గిన్నెలో దాల్చినచెక్క రొట్టె

పోయిన నెల జేకేపూర్ వైపు నుంచి ఒక కోడలు పిల్ల ఉత్తరం రాసింది. ఆమె కొడుక్కి ఏడేళ్ళు. ఫోనులో ఏదో వీడియో చూసేడట. గుండ్రంగా చుట్టి, లోపల దాల్చినచెక్క పొడీ కిస్మిస్సూ పెట్టి కాల్చిన తీపి రొట్టె. అది కావాలని ఒకటే పోరు. బేకరీలో అడిగితే క్రీము బన్ను ఉంది, కొబ్బరి బన్ను ఉంది, అది మాత్రం లేదన్నారట. ఇంటాయన "వాయిదాల మీద ఓవెన్ కొనేద్దాం" అంటాడు. అత్తగారు "ఉన్న వాయిదాలు చాలవేటి?" అంటాది. మధ్యని ఈ పిల్ల నలుగుతోంది. "తాతగారూ, ఓవెన్ లేకుండా అవుతాదా, అవదా? అవుతాదంటే మా ఆయనకి చూపిస్తాను. అవదంటే మా అత్తకి చూపిస్తాను" అని రాసింది.

అవుతాదమ్మా. ఈ కాగితం మీ ఆయనకే చూపించు.

ముందు ఓవెన్ సంగతి చెప్పేస్తాను. ఇళ్ళలో వాడే ఓవెన్లు వెయ్యి వాట్ల నుంచి రెండు వేల వాట్ల దాకా లాగుతాయి. రెండు వేల వాట్లది అరగంట ఆడితే ఒక యూనిట్. అది వేడెక్కడానికి పట్టే టైము వేరు. బిల్లు కన్నా నాకు భయం వైరింగు మీద. పాత క్వార్టర్లలో, రేకుల ఇళ్ళలో ఒక్క సన్న వైరు మీదే ఫ్యాను, టీవీ, ఇస్త్రీ పెట్టి అన్నీ నడుస్తుంటాయి. దాని మీద ఓవెన్ కూడా పెడితే ప్లగ్గు కాలిన వాసన వస్తాది. కొనాలనుకుంటే కొనండి, తప్పు లేదు. ముందు నాలుగైదు సార్లు గిన్నెలో చేసి చూడండి. అప్పటికి పిల్లడి మోజు ఉందో తీరిపోయిందో తెలిసిపోతాది. పిల్లల మోజు మూడు నెలలు, వాయిదాలు పన్నెండు నెలలు.

ఓవెన్ లేకుండా కాల్చడం మనకి కొత్త కాదు. మన వీధిలో ఒడియా వాళ్ళ ఇళ్ళు చూడండి. జూన్ నెల నడుమ రజ పండగ వస్తాది. భూదేవికి విశ్రాంతి అని ఆ మూడు రోజులూ నాగలి పట్టరు, ఆడవాళ్ళు రుబ్బురోలు ముట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. ఆ పండక్కి పోడ పిఠా ఉండాల్సిందే. బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి ముక్కలు, అల్లం, ఏలకులు కలిపి, అరిటాకు పరిచిన గిన్నెలో పోసి, మూత పెట్టి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి రాత్రంతా ఒగ్గేస్తారు. తెల్లారేసరికి పైన నల్లగా, లోపల మెత్తగా ఉంటాది. ఓవెన్ చేసే పని అదే కదా, కిందా పైనా వేడి. నయాగఢ్ వైపు పుట్టిన ఛెనాపోడ కూడా అంతే. ఇరిగిన పాల ముద్దలో పంచదార కలిపి, ఆకులో చుట్టి కాలుస్తారు. అందులో కిస్మిస్ కూడా వేస్తారు.

1936 దాకా ఈ కొండప్రాంతం అంతా మద్రాసు కింద విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే మన వీధిలో ఉగాది పచ్చడీ పోడ పిఠా రెండూ పక్కపక్కనే ఉంటాయి. పక్కింటి ముసలమ్మని అడిగితే నిప్పు ఎంత ఉండాలో నా కన్నా బాగా చెప్తాది. సిగ్గుపడకుండా అడగండి.

ఇక రొట్టెకి వద్దాం. ఎనిమిది చుట్టలకి లెక్క చెప్తాను. మైదా పావు కిలో. ఈస్ట్ ముప్పావు టీ చెంచా. కిరాణా కొట్లో చిన్న పొట్లం అడగండి, నూకలా ఉండే పొడి ఈస్ట్. పంచదార రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా, నెయ్యో నూనో రెండు పెద్ద చెంచాలు. పాలు 140 మిల్లీ లీటర్లు, అంటే టీ గ్లాసుతో గ్లాసున్నర వరకు. పాలు కాచి, మణికట్టు మీద చుక్క వేసుకుంటే గోరువెచ్చగా తెలిసే దాకా ఆరనివ్వండి. పసిపిల్లకి పట్టే పాలంత వేడి. పొగలొచ్చే పాలు పోస్తే ఈస్ట్ చచ్చిపోతాది, దానికీ ప్రాణం ఉంది. పాలల్లో చెంచాడు పంచదార, ఈస్ట్ వేసి పది నిమిషాలు ఉంచితే పైన నురుగు కట్టాలి. కట్టకపోతే ఆ ఈస్ట్ పాతదన్నమాట. మైదా అందులో పోసి పాడు చేసుకోవద్దు.

తర్వాత అన్నీ కలిపి పది నిమిషాలు గట్టిగా పిసకాలి. మొదట చేతికి అంటుకుంటాది. పిండి ఇంకా ఇంకా వేసెయ్యకండి, గట్టిపడి రొట్టె రాయవుతాది. పిసికేకొద్దీ అదే సాగుతాది. చిన్న ముద్ద తీసి రెండు చేతులా లాగితే చిరగకుండా పల్చటి గుడ్డలా సాగి వెలుతురు కనపడాలి. అప్పుడు ఆపండి. ఇక్కడ మగవాళ్ళని పిలవండి. ఈ పనికి మిషన్ తిప్పిన చేతులు బాగుంటాయి.

పిండి ఉబ్బడానికి ఎంతసేపు అని అందరూ అడుగుతారు. గడియారం చూడకండి, పిండిని చూడండి. రెట్టింపు అవ్వాలి. మన రాయగడలో మే నెలలో ముప్పావు గంటలో అయిపోతాది. అదే కోరాపుట్ పైన, 2,800 అడుగుల ఎత్తులో, డిసెంబరు నెల పొద్దున్న మూడు గంటలైనా పట్టొచ్చు. ఇడ్లీ పిండి చలికాలం పులవదని మీకు తెలుసు కదా, అదే సంగతి.

ఇంకోటి, గాలి పొడిగా ఉంటే పిండి పైన పొర కట్టి చీలిపోతాది. నేను స్పిన్నింగులో పని చేసినన్నాళ్ళూ చూసేను, గాలి పొడిబారితే నూలు పుటుకూ పుటుకూ తెగిపోతాది. అందుకే అక్కడ పైనుంచి నీటి తుంపర కొట్టేవారు. మనకి ఉక్కపోసి ప్రాణం పోయేది గానీ నూలుకి మాత్రం హాయి. పిండికీ ఆ హాయే కావాలి. తడి గుడ్డ పిండి, గిన్నె మీద కప్పండి. చలికాలం అయితే మూతున్న పెద్ద గిన్నెలో పిండి గిన్నె, పక్కన వేణ్ణీళ్ళ గ్లాసు పెట్టి మూసెయ్యండి.

పిండి ఉబ్బేలోగా లోపలి సరుకు చూసుకోవాలి. కిస్మిస్ 50 గ్రాములు. గోరువెచ్చటి నీళ్ళలో పావు గంట నానబెట్టి, వార్చి, గుడ్డతో తుడవాలి. ఎండువే వేస్తే పిండిలోని తడి లాగేసుకుంటాయి, పైన ఉన్నవి మాడి చేదవుతాయి. మనకి దొరికే కిస్మిస్‌లో చాలా భాగం మహారాష్ట్ర నాసిక్, సాంగ్లీ వైపు నుంచి వస్తాది.

దాల్చినచెక్క పొడి పొట్లం కొనకండి. చెక్క కొని దంచుకోండి. బజారులో రెండు రకాలు. మందంగా, గట్టిగా, ఒక్క పొరే వంపు తిరిగి ఉండేది కాసియా. అది చైనా, వియత్నాం, ఇండోనేషియా వైపుది. మన కొట్లలో ఎక్కువ ఉండేది అదే. పల్చగా, కాగితాల్లా చాలా పొరలు ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని, మన ముసలమ్మలు అడ్డపొగ తాగే చుట్టలా ఉండేది అసలైన దాల్చినచెక్క. అది శ్రీలంకది, కేరళలో కూడా కొంచెం పండుతాది. వేలితో నొక్కితే విరుగుతాది. ధర ఎక్కువే. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఉంది, రోజూ ఎక్కువ తింటే కొందరికి లివరుకి చెడ్డది. ఎప్పుడో నెలకోసారి చేసుకునే రొట్టెకి కాసియా అయినా పర్లేదు. షుగరుకి మంచిదని రోజూ పొద్దున్నే చెంచాడు పొడి మింగేవాళ్ళు ఉన్నారే, వాళ్ళు డాక్టరుని అడిగి మింగడం మంచిది.

మీ అత్తగారు ఒక మాట అంటాది, ముందే చెప్తున్నాను. "తీపిలో దాల్చినచెక్కేటి, మాంసం కూర వాసన" అని. నిజమే, మనకి అది మసాలా సరుకు. తీపి అంటే ఏలకులే. దానికీ దారుంది. స్వీడన్ దేశంలో ఈ చుట్టలంటే ప్రాణం పెడతారు. 1999 నుంచి అక్టోబరు 4న దీనికి ఒక పండగ రోజే పెట్టుకున్నారు. వాళ్ళు లోపల దాల్చినచెక్క పెడతారు గానీ పిండిలో ఏలకుల పొడి కలుపుతారు. నువ్వూ పిండిలో నాలుగు ఏలకులు దంచి వెయ్యి. ఆ వాసన తగిలితే ముసలావిడ కాదనదు.

దాల్చినచెక్క పొడి రెండు టీ చెంచాలు, బెల్లం పొడి 50 గ్రాములు, అందులో చెంచాడు మైదా కలపాలి. ఈ చెంచాడు మైదా మర్చిపోవద్దు. అది లేకపోతే బెల్లం కరిగి కిందకి కారి గిన్నె అడుగున మాడుతాది.

ఉబ్బిన పిండిని అణిచి, చపాతీ కర్రతో మూరెడు పొడుగు, జానెడు వెడల్పు సాపు చెయ్యండి. పైన నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, కిస్మిస్ జల్లి, పొడుగు వైపు నుంచి చాప చుట్టినట్టు చుట్టండి. మరీ బిగించకండి, ఉబ్బడానికి చోటు ఉండాలి. కొయ్యడానికి కత్తి వద్దు. కత్తి నొక్కితే పొరలన్నీ అతుక్కుని బల్లపరుపు అయిపోతాయి. దారంతో కొయ్యాలి. రంగు లేని కొత్త నూలు దారం, నైలాను కాదు, ఉడికించి ఆరబెట్టింది. చుట్ట కిందనుంచి దూర్చి, పైన రెండు కొసలూ ఒకదాని మీదుగా ఒకటి వేసి లాగితే తెగిపోతాది. పొర పొరా అలాగే ఉంటాది. ఎనిమిది ముక్కలు చేసి, నెయ్యి రాసి అరిటాకు పరిచిన పళ్ళెంలో వేలెడు ఎడం ఉంచి పెట్టండి. మళ్ళీ తడి గుడ్డ, మళ్ళీ అరగంట.

ఈ అరగంటలో గిన్నె సిద్ధం చెయ్యండి. పాత మందపాటి అల్యూమినియం డేకిసా ఒకటి ఈ పనికే ఉంచుకోండి. అడుగున రెండు వేళ్ళ ఎత్తు ఇసక. మనకి నాగావళి ఇసక ఉంది, నాలుగు నీళ్ళు కడిగి ఎండబెట్టండి. ఇసక మీద స్టాండు గానీ మూడు రాళ్ళు గానీ. మూత పెట్టి మధ్య మంట మీద పావు గంట కాగనివ్వండి. తర్వాత పళ్ళెం దింపి, మూత పెట్టి, మంట తగ్గించి అరగంట నుంచి ముప్పావు గంట. మధ్యలో ఊరికే మూత తియ్యకండి. కొబ్బరి ఈనె గుచ్చితే పొడిగా రావాలి.

పైన మాత్రం తెల్లగానే ఉంటాది, వేడి అంతా కిందనుంచే కదా. పైన పాలు రాసి, ఒడియా వాళ్ళలా మూత మీద నాలుగు నిప్పులు వేస్తే ఎర్రబడతాది. గదిలో నిప్పులు పెడితే తలుపులు తీసే ఉంచండి, బొగ్గుల గాలి ప్రాణం తీస్తాది. నిప్పులు లేకపోతే దించాక పెనం మీద బోర్లించి ఒక్క నిమిషం, అంతే.

కుక్కరులో చేస్తామంటారు కొందరు. పప్పు ఉడికే కుక్కరు నీళ్ళు లేకుండా కాలిస్తే పాడవుతాది. పొరపాటున వెయిట్ ఉండిపోతే ప్రమాదం కూడా. నాన్‌స్టిక్ అసలే వద్దు, ఒట్టిగా కాగితే దాని పూత నుంచి పాడు పొగ వస్తాది. ఇసక గంట దాకా వేడిగానే ఉంటాది, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి, దాని మీద నీళ్ళు పొయ్యకండి.

చేసి అమ్ముకోవచ్చా అని ఇదివరకు ఇద్దరు ముగ్గురు అడిగేరు. అమ్ముకోవచ్చు. ఇంట్లో చేసినా ఆహార భద్రత వాళ్ళ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. అంతకన్నా ముందు లెక్క రాసుకోండి. ఎనిమిది చుట్టలకి మూడు గంటల పైనే పడుతున్నాది. చేతి పని అందులో గంటే, కానీ మిగతా రెండు గంటలూ ఇల్లు కదలడానికి లేదు. మైదా, బెల్లం, గ్యాసు లెక్క వేసి నీ చెయ్యి లెక్క వెయ్యకపోతే అది వ్యాపారం కాదు, ఓవర్‌టైము డబ్బుల్లేని ఓవర్‌టైము.

రొట్టె మొదటి రోజు మెత్తగా ఉంటాది. రెండో రోజు గట్టిపడతాది. వర్షాకాలం మూడో రోజుకి బూజు పట్టొచ్చు, బూజు కనపడితే ఆ మేర గిల్లి తినకండి, మొత్తం పారెయ్యండి. రెండో రోజు మిగిలినవి అడ్డంగా కోసి, పెనం మీద కాసింత నెయ్యి వేసి రెండు వైపులా కాల్చి, సాయంత్రం షిఫ్టుకి వెళ్ళేవాళ్ళకి టీతో ఇవ్వండి. మా ఇంట్లో మొదటి రోజువి కన్నా వాటికే పోటీ ఎక్కువ.