193 కిలోలా, 142 కిలోలా?

మా హాస్టల్లో బండ్ల గురించి మాట్లాడుకోని రాత్రి ఉండదు. కారిడార్ చివర చార్జింగ్ పాయింట్ దగ్గర నలుగురు చేరితే చాలు, మొదటి పది నిమిషాలు మిడ్స్, ఆ తర్వాత అంతా సీసీలే. మొదటి ప్రశ్న "ఎంత పోద్ది?" రెండో ప్రశ్న "ఎంత ఇస్తది?" రెండోది అడిగినోడిని అంకుల్ అని వెక్కిరిస్తాం. "ఎంత బరువు?" అని అడిగినవాడిని మాత్రం ఈ రెండేళ్లలో ఒక్కడిని చూడలేదు. మొన్న ఆగస్టు దాకా నేనూ అడగలేదు.

నాన్న బండి కొనిస్తానన్నాడు. ట్రాక్టర్ లోన్ తీరిపోయింది, ఊపిరాడుతోంది. కొంత చేతిలో పెట్టి మిగతాది లోన్ పెడదాం అన్నాడు. షరతు ఒక్కటే. "ఒక్కసారే కొనిస్తా. రెండేళ్లకి ఇది బాలేదు, ఇంకోటి అంటే నన్ను అడగొద్దు."

ఆ "ఒక్కసారే" అనే మాటే నన్ను పాడు చేసింది. ఒక్కసారే అనగానే బుర్ర "అన్నిటికీ పనికొచ్చేది" వెతకడం మొదలుపెడుతుంది. కాలేజీకి, ఇంటికి, ఎప్పుడో వెళ్లబోయే లాంగ్ ట్రిప్‌కి, ఎప్పుడో రాబోయే ఉద్యోగానికి. అలా లిస్టు తగ్గి తగ్గి రెండు మిగిలాయి. ఒకటి సెకండ్ హ్యాండ్ డొమినార్ 400. రెండోది కొత్త యమహా ఆర్15.

రెండింటికీ పోలికే లేదు కదా అంటారు. కాగితం మీద నిజమే. డొమినార్ 373 సీసీ, 40 పీఎస్ పవర్, 35 న్యూటన్ మీటర్ల టార్క్, 2021లో వచ్చిన టూరింగ్ సామాన్ల మోడల్ బరువు 193 కిలోలు. ఆర్15 వీ4 155 సీసీ, 18.4 పీఎస్, 14.2 న్యూటన్ మీటర్లు, 142 కిలోలు. కానీ నాన్న ఇచ్చే డబ్బుకి నాలుగేళ్లు తిరిగిన ఆ బండీ వస్తుంది, షోరూం నుంచి ఈ బండీ వస్తుంది. కొత్త డొమినార్ అయితే నా లెక్కలోనే లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం, ఆ లోపు వాటికి 18 శాతం. ఇన్సూరెన్స్‌కీ ఆ 350 దగ్గరే గీత. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో థర్డ్ పార్టీకి ఏడాదికి 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, అది దాటితే 2,804. ఆ 23 సీసీల ఎక్స్‌ట్రాకి ఎంత కడుతున్నామో చూడండి.

సరే, నేను మొదట డొమినార్ వైపే. పూర్తిగా. రూమ్‌లో అందరితో వాదించి గెలిచాను కూడా. నా వాదన ఇది: పేరుకి ఆర్15 స్పోర్ట్ బైక్, కానీ పవర్‌ని బరువుతో భాగిస్తే డొమినార్‌కి టన్నుకి 207 పీఎస్, ఆర్15కి 130. అంటే టూరర్ అనుకునేదే ఫాస్ట్ బండి! పైగా నిటారుగా కూర్చోవచ్చు, ముందు పొడుగు వైజర్, వెనక క్యారియర్, వెనక కూర్చున్నవాళ్లకి ఆనుకోడానికి కూడా ఉంది. అన్నీ ఒకే బండిలో వస్తుంటే ఇంకేం కావాలి?

ఆగస్టులో ఒక సీనియర్ అన్న తన డొమినార్ ఇచ్చాడు, "గేటు దాకా వెళ్లిరా, తెలుస్తుంది" అని. వెనక నా రూమ్మేట్ ఎక్కాడు. మెస్ వెనక దిగుడు రోడ్డు, వాన పడి ఆగింది. ఎదురుగా కూరగాయల ఆటో రివర్స్ తీసుకుంటోంది, ఆగాను. ఎడమ కాలు పెట్టిన చోట గుంట. కాలు నాలుగు అంగుళాలు కిందికి పోయింది, బండి కాలితో పాటు ఒరిగింది. ఒక పాయింట్ దాకా చేతిలోనే ఉంది. ఆ పాయింట్ దాటాక నేను పట్టుకుంటున్నది బండిని కాదు, పడిపోతున్న ఒక బీరువాని. 193 కిలోలు, వాడు 65, వాడి బ్యాగు. ఎంత ఒరిగితే అంత ఎక్కువ బరువు చేతి మీదికి వస్తుందని ఇంటర్‌లో సైన్ తీటా వేసి మార్కులు తెచ్చుకున్నవాడినే నేను. రోడ్డు మీద గుర్తు రాలేదు.

స్పీడ్ సున్నా. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వందలో పడితే కనీసం చెప్పుకోడానికి కథైనా ఉండేది. సున్నాలో పడేశాను. వాడి మడమ బండి కింద ఇరుక్కుంది. నేను లాగితే బండి కదల్లేదు. మెస్ అన్న, ఆటో ఆయన, నేను, ముగ్గురం కలిసి లేపాం. వాడు మూడు వారాలు కట్టుతో క్లాసులకి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. లిఫ్ట్ లేని బ్లాక్‌లో మూడో అంతస్తు ల్యాబ్‌కి ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే పక్కన పుస్తకాలు పట్టుకుని నడిచాను. తప్పు బండిది కాదు. ఆ బరువు తెలిసినవాడు ఆ గుంటని ముందే చూస్తాడు, లేదా రెండు అడుగుల ముందు ఆపుతాడు. నాకు తెలియదు. అదే పాయింట్.

అక్కడినుంచి బరువు అనే అంకె నాకు వేరేగా కనపడుతోంది. పవర్ రోజులో ఎప్పుడో ఒక నిమిషం వాడతాం. బరువు మాత్రం స్టాండ్ తీసిన దగ్గర్నుంచి స్టాండ్ వేసేదాకా ఉంటుంది. పార్కింగ్‌లో వెనక్కి తొయ్యాలి, యూ టర్న్ తియ్యాలి, పెట్రోల్ బంకు లైన్లో జరపాలి. బ్రేక్ వేసినా అంతే. నా 70 కిలోలు కలిపి లెక్క వేస్తే అదే స్పీడ్‌లో డొమినార్ మీద ఆపాల్సిన శక్తి 24 శాతం ఎక్కువ. అందుకే దాని ముందు డిస్క్ 320 మిల్లీమీటర్లు, ఆర్15ది 282. బ్రేకులు ఆ లెక్క చూసుకుంటాయి. కానీ కొత్తగా నేర్చుకుంటున్నవాడి చేతులకి అలా పెద్ద డిస్క్ వెయ్యలేరు కదా.

అయితే ఆర్15 దేవత అని చెప్పడానికి రాయట్లేదు. దసరా సెలవులకి క్లాస్‌మేట్ ఆర్15 అడిగి తీసుకుని గుంటూరు నుంచి మా కంభం వెళ్లాను. 170 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. నరసరావుపేట దాటేసరికి మణికట్లు, వినుకొండలో టిఫిన్‌కి ఆగేసరికి వేళ్ల చివర్లు తిమ్మిరి. ఇడ్లీ తుంచుతుంటే ఎవరి చెయ్యో అనిపించింది. దాన్ని అలా వంగి కూర్చోడానికే చేశారు. స్పీడ్ ఉన్నప్పుడు ఎదురుగాలి ఛాతీని కాస్త ఎత్తి పడుతుంది, బరువు చేతుల మీంచి పోతుంది. ఊళ్లలో 30లో పోతుంటే గాలి లేదు, మొత్తం మణికట్ల మీదే. ప్రతి ఊళ్లోనూ స్పీడ్ బ్రేకర్లు ఉన్న రోడ్డుకి అది చేసిన బండి కాదు.

వినుకొండ దాటాక అసలు సంగతి తెలిసింది. రెండు లైన్ల రోడ్డు, ముందు సిమెంట్ లారీ. ఆర్15లో వీవీఏ అని ఒకటుంది, 7,400 ఆర్‌పీఎం దగ్గర వాల్వ్‌ల క్యామ్ మారుతుంది, బండి పైన మేలుకుంటుంది. కింద నిద్రే. ఓవర్‌టేక్ చెయ్యాలంటే రెండు గేర్లు తగ్గించి, అరిపించి, అప్పుడు బయటికి రావాలి. డొమినార్ అయితే ఉన్న గేర్లోనే మణికట్టు తిప్పితే అయిపోతుంది. ఎదురు లైన్లో తక్కువ సేపు ఉంటాం. అది సుఖం కాదు, సేఫ్టీ. ఈ విషయంలో టూరర్ పార్టీ వాళ్లు చెప్పేది నిజం, దీనికి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. నేను ఆ రోజు ఆ లారీ వెనకే చాలా దూరం వెళ్లాను, అంతే.

ఇంటికెళ్లి కంభం చెరువు కట్ట మీద కూర్చుని నడుం విరుచుకుంటూ ఫోన్లో ఒక లెక్క రాశాను. పోయిన సెమిస్టర్లో నేను ఇంటికి ఎన్నిసార్లు వచ్చాను? ఐదు. అందులో నాలుగుసార్లు రైలు. గుంటూరు-నంద్యాల లైన్ మా ఊరి మీదుగానే పోతుంది, టికెట్ డబ్బు పెట్రోల్ దగ్గర లెక్కలోకే రాదు, నిద్ర కూడా పడుతుంది. మిగతా రోజులన్నీ? హాస్టల్ నుంచి ఊళ్లోకి, 12 కిలోమీటర్లు. ప్రింటౌట్లు, బిర్యానీ, సినిమా, అప్పుడప్పుడు కోచింగ్. అంటే నేను ఏడాదికి పది రోజుల కోసం మిగతా అన్ని రోజులూ 51 కిలోలు ఎక్కువ మొయ్యబోయాను.

ఇంకో తమాషా. లాంగ్ వెళ్లే బండి డొమినార్ అంటాం కదా. దాని ట్యాంక్ 13 లీటర్లు. సీనియర్ అన్నకి లీటర్‌కి 27 వస్తోంది, అంటే 351 కిలోమీటర్లు. ఆర్15 ట్యాంక్ 11 లీటర్లు, మా క్లాస్‌మేట్‌కి 42 వస్తోంది, 462. బంకు దగ్గర ఆగకుండా ఎక్కువ దూరం పోయేది చిన్న బండే. మన చేతులు ఒప్పుకుంటే.

మరి లదాఖ్? ఈ ప్రశ్న ఎవడో ఒకడు అడుగుతాడు. నిజం చెప్పండి, మనలో ఎంతమంది వెళ్తాం? నేనూ ఫోన్ వాల్‌పేపర్‌గా పాంగాంగ్ సరస్సే పెట్టుకున్నాను. వెళ్లాలనే ఉంది. కానీ స్ప్లెండర్ల మీద, స్కూటీల మీద వెళ్లొచ్చినవాళ్లు కూడా ఉన్నారు, ఆపింది ఎప్పుడూ సీసీ కాదు, సెలవులూ డబ్బులూ. టూరర్ కొనేటప్పుడు మనం బండిని కొనట్లేదు, ఇరవై ఐదేళ్లప్పటి మనల్ని ఇప్పుడే ఈఎంఐలో కొంటున్నాం. ఆ ఇరవై ఐదేళ్లవాడికి జీతం ఉంటుంది, వాడి బండి వాడు కొనుక్కుంటాడు. నాన్న "ఒక్కసారే" అన్నది తన డబ్బు గురించి. నా జీవితం మొత్తం గురించి అనుకున్నది నేనే.

"మరి అదే ఇంజన్‌తో ఎంటీ-15 ఉంది కదా, నిటారుగా కూర్చోవచ్చు, ఇంకా తేలిక, నీ లాజిక్ ప్రకారం అదే కొనాలి" అని నా రూమ్మేట్, అదే మడమవాడు, అడిగాడు. వాడు చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నా దగ్గర ఒకటే సమాధానం ఉంది: ఆర్15 బాగుంటుంది. ముందు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. ఇంత లెక్క వేసినవాడు చివరికి ముఖం చూసి పడిపోయాడా అంటే, అవును. కనీసం ఆ ముక్క ఇక్కడ దాచట్లేదు.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్పాలి. తేలిక బండి సేఫ్ బండి అని ఎవరైనా అర్థం చేసుకుంటే నేను రాసిందంతా వేస్ట్. ఆ వంగిన సీటు మీద కూర్చోగానే మనిషికి ట్రాక్ మీద ఉన్నట్టే ఉంటుంది. 60 నుంచి 100కి పోతే ఆపాల్సిన శక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది, బండి 142 కిలోలైనా సరే. పక్క నుంచి ఆర్టీసీ బస్సు స్పీడ్‌గా పోతే ఆ గాలికి తేలిక బండి జరుగుతుంది, కంభం రోడ్డు మీద నాకు రెండుసార్లు జరిగింది. నేను చెప్పేది ఇంతే: తప్పు చేసినప్పుడు నా చేతులు ఆపగలిగే బండి మీద తప్పులు చేస్తాను. ఒరిగితే పట్టుకోగలిగేది, పడితే ఒక్కడినే లేపగలిగేది. క్లాస్‌మేట్ పర్మిషన్‌తో గడ్డి మీద అతని ఆర్15ని నెమ్మదిగా పడుకోబెట్టి, లేపి చూశాను. కష్టమే, కానీ లేచింది.

దీపావళికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను, చిన్నదే తీసుకుంటానని. ఆయన సీసీలు అడగలేదు, పవర్ అడగలేదు. "మీ అమ్మ ఎక్కగలదా?" అన్నాడు. ఆ వెనక సీటు చూసినవాళ్లకి తెలుసు, అది సీటు కాదు, అరచేయంత మెత్త. చీర కట్టుకున్న మనిషి దాని మీద మార్కాపురం దాకా రావడం జరిగే పని కాదు. ఎక్కలేదని చెప్పాను. నాన్న కాసేపు ఆలోచించి, "ఎక్కకపోతే ఏందిలే, మన స్ప్లెండర్ ఉందిగా" అన్నాడు.

నిజమే. పదకొండేళ్ల నుంచి మా ఇంట్లో ఒక టూరర్ ఉంది. అమ్మని, నన్ను, ఎరువు బస్తాలని, ఒకసారి మేకపిల్లని కూడా మోసింది. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదంతే.

వచ్చే ఆదివారం షోరూంకి వెళ్తున్నాం. రూమ్మేట్ కూడా వస్తానన్నాడు, వెనక మాత్రం ఎక్కనన్నాడు.