గడువిస్తే అందరూ ఫెర్గూసన్లు కారు

ఫుట్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతున్నప్పుడు మేనేజర్‌ను ఉంచాలా, సాగనంపాలా అన్న వాదన మొదలవుతుంది. అది మొదలైన కాసేపటికే అలెక్స్ ఫెర్గూసన్ పేరు వచ్చి తీరుతుంది. మూడేళ్లపాటు ఒక్క కప్పూ గెలవని ఫెర్గూసన్‌ను మాంచెస్టర్ యునైటెడ్ ఓపిక పట్టి ఉంచుకుంది, ఆ ఓపికే 13 లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టింది, కాబట్టి ఇప్పుడున్న మేనేజర్‌కూ టైమివ్వాల్సిందే అంటారు. మాంచెస్టర్ వీధుల నుంచి, వారాంతం రాత్రిళ్లు హైదరాబాద్‌లోనో విశాఖలోనో టీవీ ముందు కూర్చునే అభిమానుల దాకా ఈ మాటకు ఎదురులేదు. పైగా అది పెద్దమనిషి మాటలా వినిపిస్తుంది. కాదన్నవాడికి తొందరపాటు మనిషని, నిన్నగాక మొన్న ఆట చూడటం మొదలుపెట్టినవాడని పేరొస్తుంది. నేను కాదంటున్నాను. ఆ వాదనకు ఆధారమైన ఫెర్గూసన్ కథను సగమే చెబుతున్నారు. ఆ సగాన్ని నమ్ముకోవడం వల్ల అదే యునైటెడ్ ఎంతో నష్టపోయింది. గెలుపులు లేనప్పుడు మేనేజర్‌కు గడువు ఇవ్వడానికి ఒకే ఒక్క కారణం ఉండాలి: ఫలితాల వెనక పని జరుగుతున్నట్టు కళ్లకు కనిపించడం. అది కనిపించనప్పుడు ఓపిక పట్టడమంటే నిర్ణయాన్ని వాయిదా వేయడమే.

ముందు ఆ కథనే తిరగేద్దాం. ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో వచ్చేనాటికి 22 జట్ల లీగ్‌లో యునైటెడ్ 21వ స్థానంలో ఉంది. ఆ సీజన్ 11వ స్థానంలో ముగిసింది. మరుసటి ఏడాది రెండో స్థానం, ఆ తర్వాత మళ్లీ 11, 1989-90లో 13. 1989 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో ఓడింది. మూడేళ్లుగా సాకులే వింటున్నాం, ఇక దయచేయండంటూ సొంత స్టేడియంలోనే బ్యానర్ లేచింది. 1990 జనవరి 7న ఎఫ్ఏ కప్ మూడో రౌండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ తలతో కొట్టిన గోల్ ఫెర్గూసన్ ఉద్యోగాన్ని కాపాడిందని అందరూ చెప్పుకుంటారు. ఆయన్ను తీసేసే ఆలోచనే బోర్డుకు రాలేదని అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ మాత్రం తర్వాతి కాలంలో పదేపదే చెప్పారు. ఆ మాటను ఎంత నమ్మాలన్నది వేరే సంగతి. పట్టికలో అంత కింద ఉన్న జట్టులో బోర్డుకు ఏం కనిపించి ఉంటుందన్నది అసలు సంగతి.

కనిపించడానికి చాలానే ఉంది. మొదటిది, ఆయన ఖాళీ చేతులతో రాలేదు. స్కాట్లండ్‌లో రేంజర్స్, సెల్టిక్‌ల పెత్తనాన్ని బద్దలుకొట్టి అబర్డీన్‌కు మూడు లీగ్ టైటిళ్లు తెచ్చారు. 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి కప్ విన్నర్స్ కప్ గెలిపించారు. రెండోది, క్లబ్ పునాదుల్లోంచి పని చేస్తున్నారు. చిన్నపిల్లల ఆటను గమనించే స్కౌట్ల వ్యవస్థను కొత్తగా కట్టారు. ర్యాన్ గిగ్స్ అప్పటికి మాంచెస్టర్ సిటీ పిల్లల జట్టులో శిక్షణ పొందుతున్నాడు. 1987 నవంబర్‌లో ఆ కుర్రాడికి పద్నాలుగేళ్లు నిండిన రోజున ఫెర్గూసన్ స్వయంగా వాళ్లింటి గుమ్మం ముందు నిలబడ్డారు. పద్నాలుగేళ్ల పిల్లవాడు మొదటి జట్టులోకి రావడానికి ఏళ్లు పడుతుంది, అతని కోసం ఆ మేనేజర్ తానే వెళ్లారు. మూడోది, డ్రెస్సింగ్ రూమ్‌లో పాతుకుపోయిన తాగుడు అలవాటును సహించలేదు. అభిమానులకు ప్రాణమైన నార్మన్ వైట్‌సైడ్, పాల్ మెక్‌గ్రాత్‌లను 1989 వేసవిలో అమ్మేశారు. అదే వేసవిలో ప్యాలిస్టర్, ఇన్స్, వెబ్, వాలెస్, ఫెలన్ అని అయిదుగురు కొత్తవాళ్లు వచ్చారు. వెబ్ వెంటనే గాయపడి నెలల తరబడి మంచం పట్టాడు. ఆ ఏటి తడబాటుకు కారణం ఉంది, ఆ కారణం పోయేదేనన్న ఆశకు ఆధారమూ ఉంది. ప్యాలిస్టర్, ఇన్స్, గిగ్స్ ముగ్గురూ 1993లో, 26 ఏళ్ల తర్వాత, లీగ్ గెలిచిన జట్టులో ఉన్నారు. బోర్డు ఉంచుకున్నది ఈ పనిని. అందులో గుడ్డి ఓపిక ఎక్కడుంది?

గడువు పక్షంవాళ్లు చూపించే మిగతా ఉదాహరణలను దగ్గరగా చూసినా ఇదే కనిపిస్తుంది. ఎవర్టన్ 2003-04లో 17వ స్థానానికి జారినా డేవిడ్ మోయెస్‌ను ఉంచుకుంది, మరుసటి ఏడాది నాలుగో స్థానంలో నిలిచింది. నిజమే. అయితే అంతకుముందు ఏడాదే ఆయన అదే జట్టును ఏడో స్థానంలో నిలిపి చూపించారు. ఆర్సెనల్‌లో మికెల్ ఆర్టెటా వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానంలో ముగించారు. 2021 ఆగస్టులో మూడు మ్యాచ్‌లు ఓడి, ఒక్క గోలూ కొట్టక, పట్టికలో అట్టడుగున పడ్డారు. ఆ వారం ఆయన్ను పంపేయమన్నవాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ అంతకుముందు సీజన్ లెక్కల్లో ఒకటుంది. 38 మ్యాచ్‌ల్లో ఆర్సెనల్ ఇచ్చుకున్న గోల్స్ 39, లీగ్‌లో అంతకంటే తక్కువ ఇచ్చిన జట్లు రెండే. ఏళ్ల తరబడి డిఫెన్స్ లేదని పేరుపడ్డ క్లబ్‌లో అది చిన్న మార్పు కాదు. ఆ వేసవిలో కొన్న ఆరుగురిలో ఒక్కరికీ 24 ఏళ్లు నిండలేదు. జట్టు ఎటు వెళుతోందో, ఎవరితో వెళుతోందో బయటివాళ్లకూ తెలుస్తూనే ఉంది. తర్వాత వరసగా మూడు సీజన్లు రెండో స్థానం వచ్చింది. ఆర్టెటాను టైమ్ కాపాడిందని చెప్పేవాళ్లు ఈ 39 గోల్స్ సంగతి ఎత్తరు.

ఇక పని కనిపించకపోయినా గడువిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మళ్లీ మాంచెస్టర్‌కే వెళ్లాలి. ఎరిక్ టెన్ హాగ్ మొదటి ఏడాది మూడో స్థానం, లీగ్ కప్ తెచ్చారు. రెండో ఏడాది, 2023-24లో, యునైటెడ్ ఎనిమిదో స్థానానికి పడిపోయింది. లీగ్‌లో 14 ఓటములు, కొట్టిన గోల్స్ 57, ఇచ్చినవి 58. ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో ఆఖరి స్థానం. అంకెల కంటే ఆట ఎక్కువ చెప్పింది. ముందువరస ఆటగాళ్లు బంతి కోసం పైకి ఉరికేవారు, డిఫెండర్లు తమ గోల్ దగ్గరే ఉండిపోయేవారు, మధ్యలో ఒంటరి మిడ్‌ఫీల్డర్ చుట్టూ పెద్ద మైదానం ఖాళీగా మిగిలేది. ప్రత్యర్థి ఒక్క పాస్‌తో ఆ ఖాళీలోకి దిగేవాడు. ఆగస్టులో కనిపించిన ఆ కంత మే నెలలోనూ అలాగే ఉంది. మార్చి 30న బ్రెంట్‌ఫర్డ్ ఒక్క మ్యాచ్‌లో 31 సార్లు గోల్ వైపు షాట్లు కొట్టింది. అంత జరిగినా 1-1తో డ్రాగా బయటపడటం అదృష్టం. ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో రెండో డివిజన్ జట్టు కోవెంట్రీ మీద 3-0 ఆధిక్యం చేజారి 3-3 అయింది. అదనపు సమయం చివరి క్షణాల్లో కోవెంట్రీ కొట్టిన నాలుగో గోల్‌ను ఆఫ్‌సైడ్‌గా కొట్టేశారు. ఆటగాడి పాదం అతి కొద్దిగా ముందుంది, అంతే. యునైటెడ్ పెనాల్టీల్లో గట్టెక్కి ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది. కప్పు చేతికి రాగానే గాలి మారిపోయింది. వేరే మేనేజర్లతో మాట్లాడి చూసిన యాజమాన్యమే చివరికి టెన్ హాగ్ ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించింది. ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నవాళ్లు వాడిన మాట కూడా ఓపికే. తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు గడిచేసరికి జట్టు 14వ స్థానంలో ఉంది, అక్టోబర్ 28న ఆయనకు ఉద్వాసన పలికారు.

ఆ వాయిదా మూల్యం ఆయన ఇంటికి వెళ్లిపోవడంతో తీరలేదు. గడువు ఇవ్వడంలో పోయేదేముందని అడిగేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. ఆ వేసవిలో టెన్ హాగ్ పద్ధతికి తగ్గ జట్టును కొన్నారు. డి లిట్, మజ్రావీ అయాక్స్‌లో ఆయన దగ్గర ఆడినవాళ్లే. తర్వాత వచ్చిన రూబెన్ అమోరిమ్ ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడించే మనిషి. రెండు అంచుల వెంట పైకీ కిందికీ పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లు లేకపోతే ఆ పద్ధతి నడవదు, ఉన్న జట్టులో అలాంటివాళ్లు దాదాపు లేరు. ఎడమవైపు ఒక్కణ్ని తెచ్చుకోవడానికి జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. సీజన్ మధ్యలో ప్రాక్టీసుకు రోజులు దొరకవు, మూడు రోజులకొక మ్యాచ్ ఉంటుంది. ఆ సీజన్ 15వ స్థానంలో, 42 పాయింట్లతో ముగిసింది. 1974లో కింది డివిజన్‌కు పడిపోయిన తర్వాత ఆ క్లబ్ అంత దిగువన ఎన్నడూ నిలవలేదు. మే నెలలో తీసుకోవాల్సిన నిర్ణయాన్ని అక్టోబర్ దాకా లాగడం వల్ల ఒక మేనేజర్‌తో పాటు ఆ తర్వాతి మేనేజర్ మొదటి ఏడాది కూడా కొట్టుకుపోయింది.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. ఫెర్గూసన్ 2013లో తప్పుకున్న తర్వాత మోయెస్, వాన్ హాల్, మౌరిన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్ అని ఒకరి తర్వాత ఒకరు పోయారు, జబ్బు మేనేజర్లలో లేదు, మార్చడంలోనే ఉంది కదా అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. అన్ని మార్పులు చేసి క్లబ్ ఏమీ నేర్చుకోలేదన్నది నిజం. కానీ ఆ తప్పు ఎంపికలో జరిగింది. బంతిని ఓర్పుగా తమ దగ్గరే ఉంచుకోవడం నేర్పే వాన్ హాల్ తర్వాత, కాచుకుని ఎదురుదాడి చేయించే మౌరిన్యోను తెచ్చారు. ఒకరికోసం కొన్న ఆటగాళ్లు ఇంకొకరికి బరువయ్యారు. ఎలాంటి ఆట ఆడాలో క్లబ్‌కే స్పష్టత లేనప్పుడు అయిదుగురిలో ఎవరికి ఎన్నేళ్లిచ్చినా ఆ లోపం తీరదు, ఎందుకంటే అది వాళ్ల పైన కూర్చున్నవాళ్లది. అసలు మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చింది ఫెర్గూసన్ కథ మళ్లీ జరుగుతుందన్న నమ్మకంతోనే. లీగ్‌ను 11 పాయింట్ల తేడాతో గెలిచిన జట్టు ఆయన చేతిలో ఏడో స్థానానికి వచ్చింది, పది నెలలకే పంపించేశారు. సరైన మార్పు ఏం చేస్తుందో ఆస్టన్ విల్లా చూపించింది. 2022 అక్టోబర్‌లో 17వ స్థానంలో ఉండగా స్టీవెన్ జెరార్డ్‌ను తీసేసి ఉనాయ్ ఎమెరీని తెచ్చింది. దాదాపు అదే ఆటగాళ్లతో ఏడో స్థానం, మరుసటి ఏడాది నాలుగో స్థానం వచ్చాయి.

రెండో అభ్యంతరం పరిశోధకుల నుంచి వస్తుంది. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ పరిశీలించారు. మేనేజర్‌ను తీసేశాక జట్లు మెరుగుపడ్డ మాట నిజమే గానీ, అంతే కష్టంలో ఉండి మేనేజర్‌ను మార్చని జట్లు కూడా అంతే మెరుగుపడ్డాయని తేల్చారు. పడిపోయిన జట్టు ఎలాగూ తన మామూలు స్థాయికి లేస్తుందన్నమాట. గడువు పక్షంవాళ్లు దీన్ని తమకు దొరికిన ఆయుధమనుకుంటారు. నిజానికి ఇది వాళ్లకూ తగులుతుంది. తీసేయడం వల్ల వచ్చిందనుకున్న మెరుగుదల తీసేయడం వల్ల రానట్టే, ఉంచడం వల్ల వచ్చిందనుకున్నదీ ఉంచడం వల్ల వచ్చింది కాదు. వరస ఓటములు, వరస గెలుపులు రెండూ మనిషి సత్తాను సరిగా చెప్పనప్పుడు మిగిలే కొలమానం పనే. ఏ ఆటగాడు మెరుగయ్యాడు, ఏ తప్పు మళ్లీ జరగకుండా ఆగింది, ఎలాంటి వాళ్లను కొంటున్నారు అన్నవే చూడాలి.

మన దగ్గరి చరిత్రలోనూ ఇందుకు గొప్ప సాక్ష్యం ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అంత ఘోర పరాజయం తర్వాత కూడా 1956 మెల్‌బోర్న్‌కు జట్టును ఆయనే తీసుకువెళ్లారు, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. రహీమ్ మీద పెట్టిన నమ్మకానికి ఆధారాలున్నాయి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం ఆయన కోచ్‌గా ఉండగానే వచ్చింది. పది గోల్స్ ఓటమిలో బయటపడ్డ లోపం కూడా స్పష్టంగానే ఉంది. యూరప్ చలిలో మన వాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఎందుకు ఓడామో తెలిసింది, దిద్దుకోవడం వీలయింది, దిద్దగల మనిషి చేతిలో ఉన్నాడు. ఆ మూడూ ఉన్నచోట గడువు ఇవ్వకపోవడం నేరమే అవుతుంది.

చివరగా, టికెట్ కొనుక్కుని చూసేవాడికి లోపలి సంగతులు ఏం తెలుసు, నిర్ణయం నిపుణులకు వదిలేయాలి అనేవాళ్లున్నారు. ప్రాక్టీసు గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో అభిమానికి తెలియదు, ఒప్పుకుంటాను. ఆ ప్రాక్టీసు ఫలితం మాత్రం వారం వారం తొంభై నిమిషాలు అతని కళ్ల ముందే ఉంటుంది. బ్రెంట్‌ఫర్డ్ 31 షాట్లను చూసినవాడికి లోపలి సమాచారం అక్కర్లేదు. మేనేజర్‌ను తిట్టే హక్కు, అతని కుటుంబాన్ని వేధించే హక్కు ఎవరికీ లేవు. విమానానికి బ్యానర్ కట్టి మోయెస్ తలమీదుగా తిప్పడం అవమానకరమైన పని. కానీ మర్యాద వేరు, పదవి వేరు. పంపించేయడమంటే ఆ మనిషిని పనికిరానివాడని తీర్మానించడమూ కాదు. యునైటెడ్ పది నెలలకే వద్దనుకున్న అదే మోయెస్ 2023 జూన్‌లో ప్రేగ్‌లో ఫియోరెంటీనాను ఓడించి వెస్ట్‌హామ్‌కు యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ కప్పు అందించారు. ఆయన బలాలకు సరిపోయే జట్టు అది, యునైటెడ్‌లో ఇంకో రెండేళ్లు ఉంచినా ఆ కలయిక అక్కడ కుదిరేది కాదు.