ఐస్ మీద వేగం, నేల మీద బలం

నాకు స్కేటింగ్ రాదు. మినెసోటాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఐస్ మీద అడుగు వెయ్యాలంటే భయమే. అయినా ఈసారి హాకీ గురించి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, హాకీలోనైనా తెలుగులోనైనా.

మా మనవడికి పదమూడేళ్ళు. కిందటేడు పై జట్టుకి ఎంపిక కాలేదు. "నేను స్లో అమ్మమ్మా, ఇంక ఆడను" అని కారులో ఏడ్చాడు. వాళ్ళ అమ్మానాన్నలు వెంటనే ఇంకో ఐస్ క్లాసుకి డబ్బు కట్టబోయారు. నేను వద్దన్నాను.

ఎందుకంటే, చలికాలమంతా రింక్‌లో కూర్చుని వాణ్ణి చూసింది నేను. వేగంగా వెళ్ళే పిల్లలు కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉంటారు. మావాడు మొదటి పీరియడ్‌లో అలాగే ఉంటాడు. మూడో పీరియడ్‌కి నిటారుగా అయిపోతాడు. ఎలా వంగాలో వాడికి తెలుసు, వంగి ఉండే బలమే తొడల్లో లేదు. తెలియనిది నేర్చుకోవడానికి క్లాసు కావాలి. బలం తెచ్చుకోవడానికి ఇంట్లో నేల చాలు.

పరిగెత్తేటప్పుడు కాలితో నేలని వెనక్కి తోస్తాం. స్కేటు బ్లేడు ముందుకూ వెనక్కీ జారుతుంది కాబట్టి, వేగం అందుకున్నాక నేరుగా వెనక్కి తోస్తే పట్టు దొరకదు. పక్కకి తొయ్యాలి. మోకాలు బాగా వంగితేనే ఆ తోపు పొడుగ్గా ఉంటుంది. స్కేటింగ్‌లో ఎక్కువ సేపు ఒక్క కాలే ఒంటి బరువంతా మోస్తుంది.

నేను సేవ చేసే గుడిలో పిల్లలు వినాయకుడి ముందు గుంజీలు తీస్తారు. మేం అక్కడే మొదలుపెట్టాం. కానీ గుంజీలు రెండు కాళ్ళ మీద, కిందికీ పైకీ మాత్రమే. హాకీకి అవి చాలవు. అందుకని ఇంకో మూడు కలిపాం. ఒకటి, వెనక కాలు సోఫా మీద పెట్టి, ముందు కాలి మీదే కిందికి దిగి లేవడం. రెండు, ఒంటికాలితో పక్కకి దూకి, రెండో కాలి మీద దిగి, కదలకుండా రెండు అంకెలు లెక్కపెట్టడం. మూడు, మోకాళ్ళ మధ్య బంతి పెట్టి గట్టిగా నొక్కడం.

బంతి సంగతి చూసి నవ్వొద్దు. హాకీ ఆటగాళ్ళకి గజ్జల్లో కండరం పట్టెయ్యడం మామూలే. ఎన్.హెచ్.ఎల్. ఆటగాళ్ళ మీద 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొడ లోపలి కండరాల బలం బయటి వాటి బలంలో 80 శాతం కన్నా తక్కువున్న వాళ్ళకి ఆ గాయం అయ్యే అవకాశం 17 రెట్లు ఎక్కువని తేలింది.

మా పక్క రాష్ట్రం విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఎరిక్ హైడెన్ 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్‌లో 5 బంగారు పతకాలు గెలిచాడు. 1986లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలోనూ పాల్గొన్నాడు. ఆ కాళ్ళు ఒక్క ఐస్ మీదే తయారయ్యాయంటే నేను నమ్మను.

మలుపులూ, ఆగడాలూ ఐస్ మీదే వస్తాయని మా అల్లుడు అంటాడు. నిజమే. కానీ పిల్లాడు వారానికి మూడు సార్లు ఐస్ మీదే ఉన్నాడు కదా! నాలుగోసారి వెళ్ళే బదులు, వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు, మధ్యలో విశ్రాంతి. మోకాలు నొప్పెడితే ఆపెయ్యాలి. ఇంకో మాట. మా బడిలో గుంజీలంటే శిక్ష. పిల్లలకి అలా చెయ్యొద్దు. శిక్షగా చేసిన పని ఎవరూ ఇష్టంగా కొనసాగించరు.

వచ్చే ఎంపికలో ఏమవుతుందో తెలీదు. పోయిన శనివారం మాత్రం మూడో పీరియడ్ చివరిదాకా మోకాళ్ళు వంచే ఆడాడు. ఇంకో లాభం కూడా ఉంది. మా ఇంట్లో లెక్క తెలుగులోనే. మొదట్లో పది దగ్గర ఆగిపోయేవాడు. ఇప్పుడు ఇరవై దాకా వచ్చాడు, కాళ్ళతోనూ నోటితోనూ.