పిలిచినా పలకని పిల్లవాడు



చాలా ఇళ్ళలో పిల్లలకు చెవి కారుతుంటే "పెద్దయితే అదే తగ్గిపోతుందిలే" అని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె మా అబ్బాయి చెవిలో పోశాను. అలా రెండేళ్ళు గడిచాయి. పిలిస్తే పలకడం లేదని, చదువు మీద ధ్యాస లేదని వాణ్ణి కొట్టాను కూడా. చివరకు చెవి డాక్టరుగారు చూసి, "కర్ణభేరికి చిల్లు పడిందమ్మా, వాడికి మీ మాట సరిగా వినిపించడం లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీకు ఆ బాధ రాకూడదనే ఈ నాలుగు మాటలు.

చెవి కారడం రెండు వారాలు దాటినా, వినికిడి తగ్గినా, గొంతు బొంగురు మూడు వారాలకూ పోకపోయినా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. చెవి వెనుక వాచినా, మూతి వంకర పోయినా ఆ రోజే బయలుదేరాలి.

ఆ డాక్టరు ఎక్కడ దొరుకుతారు? ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి చీటీ రాయించుకోండి. దగ్గరలోని ఏరియా ఆసుపత్రిలోగాని, జిల్లా ఆసుపత్రిలోగాని ఈ డాక్టరు ఏ రోజు చూస్తారో అడిగి వెళ్తే బస్సు ఛార్జీ, ఆనాటి కూలి దండగ కావు. హైదరాబాదు కోఠిలోను, విశాఖపట్నంలోను ఈ జబ్బులకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటుగా చూపిస్తే బోర్డు చదవండి. ఎం.బి.బి.ఎస్. తర్వాత ఎం.ఎస్. (ఇ.ఎన్.టి.), డి.ఎన్.బి. (ఇ.ఎన్.టి.) లేదా డి.ఎల్.ఓ. అని ఉండాలి. సంతలో గుబిలి తీసేవారికి పిల్లల చెవి అప్పగించకండి.

ఇంట్లో కొన్ని జాగ్రత్తలు. కారే చెవిలో నూనె, నీళ్ళు పోయవద్దు. స్నానం చేయించేటప్పుడు దూదికి వేజలిన్ రాసి చెవికి అడ్డం పెట్టండి. శెనగగింజ దూరితే పిన్నీసుతో కెలకవద్దు, నీళ్ళు పోస్తే అది ఉబ్బుతుంది. బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ చెవిలోగాని, ముక్కులోగాని ఇరుక్కుంటే తెల్లవారే దాకా ఆగకండి. కొద్ది గంటల్లోనే లోపలి కండ కాలిపోతుంది.

మా వాడికి ఆపరేషను చేసి చిల్లు మూశారు. ఇప్పుడు బాగానే వింటున్నాడు. ఈ సాయంత్రం మీ పిల్లల వెనుక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూడకపోతే కోప్పడకండి. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.