‘సేవ్ అయింది’... ఎక్కడ?

మొన్న శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే ఐదున్నరకి ఫోన్. మా ఊరి పాల కేంద్రం నడిపే బాబాయ్. “ఒరే అబ్బాయ్, నువ్వు చేసిచ్చింది తెరుచుకోవట్లేదురా. చక్రం తిరుగుతానే ఉంది. జనం క్యాన్లతో నిలబడ్డారు.”

పేరు, లీటర్లు, వెన్న శాతం కొట్టుకునే చిన్న వెబ్ పేజీ అది. ఊళ్ళో నెట్ ఎప్పుడుంటుందో తెలీదు కాబట్టి లెక్కలు ముందు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే దాచి, ‘పంపు’ నొక్కినప్పుడు సర్వర్‌కి వెళ్ళేలా చేశాను. బ్రౌజర్‌లో డేటాబేస్ ఏమిటంటారా? ఇండెక్స్‌డ్‌డీబీ అని ఒక కొట్టుగది ఉంటుంది. ఏ సైటు గది దానిదే. కుకీలో 4 కేబీకి మించి పట్టదు, లోకల్ స్టోరేజ్ సుమారు 5 ఎంబీతో సరి. ఇందులో వందల ఎంబీలైనా పెట్టుకోవచ్చు.

ఈ గదిని పేరూ వెర్షన్ నంబరూ చెప్పి తెరవమని అడగాలి. అడిగి ఊరుకోవాలి, కబురు తర్వాత వస్తుంది. తెరిచానంటుంది, కుదరదంటుంది, లేదా నంబరు పెరిగింది, అరలు మార్చుకోమంటుంది. ఇంకో కబురు కూడా ఉంది: లోపల వేరేవాళ్ళున్నారు, ఆగు. మొదటి మూడింటికీ అందరం కోడ్ రాస్తాం. దీన్ని చాలామంది వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

ముందు రోజు రాత్రి ఆవు పాలు, గేదె పాలు విడివిడిగా చూపించాలని ఒక అర కలిపి, వెర్షన్ 3ని 4 చేశాను. బాబాయ్ ల్యాప్‌టాప్ మూత వేస్తాడే గాని ఆపడు. నిన్నటి ట్యాబ్ అలాగే ఉండగా పొద్దున్న ఇంకోటి తెరిచాడు. కొత్తది 4 అంటూ తలుపు తట్టింది, పాతది 3 పట్టుకుని లోపలే ఉంది. ఇలాంటప్పుడు వెర్షన్ మారబోతోందని బ్రౌజర్ పాత ట్యాబ్‌కి చెబుతుంది. వినగానే కనెక్షన్ మూసేసే కోడ్ రెండు లైన్లు. నేను రాయలేదు. పాతది లేవలేదు, కొత్తది ఆగిపోయింది. ఇందులో బ్రౌజర్ తప్పేమీ లేదు. ఒకే గదిలో ఇద్దరు రెండు రకాల అరలనుకుని సర్దితే సరుకంతా కలగాపులగం అవుతుంది.

పాత ట్యాబ్ మూస్తే తీరిపోయేది. ఆ మాట నాకు తట్టేలోపే బాబాయ్ మేనల్లుడు “క్యాష్ క్లియర్ చేస్తే పోద్ది మావయ్యా” అని హిస్టరీ తుడిచే పెట్టె తెరిచి, ఉన్న గళ్ళన్నిటికీ టిక్కు పెట్టి నొక్కాడు. క్యాష్ గడి వేరు, ‘కుకీలు, సైట్ డేటా’ గడి వేరు. రెండోది నొక్కితే కొట్టుగది మొత్తం ఊడ్చుకుపోతుంది. చక్రం ఆగింది, ఖాళీ డేటాబేస్ చక్కగా తెరుచుకుంది. నెట్ లేక ముందు సాయంత్రం పంపని 38 మంది పాల లెక్క పోయింది.

ఆ 38 మంది పేర్ల పక్కనా పచ్చ అక్షరాలతో ‘సేవ్ అయింది’ అని చూపించింది నేనే. అది అబద్ధం కాదు గాని, సగం నిజం. ఆ గదిలో సరుకుకి బ్రౌజర్ పూచీ ఉండదు. డిస్కు నిండుతూ వస్తే, చాలాకాలంగా తెరవని సైట్ల సామాను ముందు పారేస్తుంది. సఫారీ అయితే 2020 మార్చి నుంచి, బ్రౌజర్ వాడుతూ కూడా 7 రోజులు ఆ సైటు ముట్టుకోకపోతే స్క్రిప్టు దాచినదంతా తీసేస్తోంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాటికి ఆ బాధ లేదు. ప్రకటనల నిఘాకి అడ్డుకట్టగా తెచ్చిన నియమం, తెచ్చినందుకు సంతోషమే. మన సరుకు పారెయ్యొద్దని బ్రౌజర్‌కి కోడ్‌తో మనవి చేసుకోవచ్చు కూడా. ఫైర్‌ఫాక్స్ మనిషిని అడుగుతుంది, క్రోమ్ తనే తేల్చుకుంటుంది. ఒప్పుకున్నా సరే, మేనల్లుడి టిక్కుని ఆపలేదు.

   

“ఇవన్నీ జనానికి చెప్తే భయపడతారు సార్” అంటాడు నా దగ్గర పనిచేసే కుర్రాడు. ఎందుకు భయపడతారు? కేంద్రంలో క్యాన్లో ఉన్న పాలు వేరు, వ్యాన్ ఎక్కిన పాలు వేరని పాలు పోసే ప్రతివాళ్ళకీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది మనం. నెట్ లేకుండా నడిచే ఫారాలు చేయించుకునే ఆఫీసులు, అవి సర్వేవైనా ఆస్పత్రివైనా, డబ్బు కట్టేముందు రెండు అడగాలి: ఎన్ని పంపకుండా మిగిలాయో తెర మీద కనిపిస్తుందా? పాత ట్యాబ్ తెరిచి ఉంటే ఆ సంగతి తెలుగులో చెబుతుందా, చక్రం తిప్పుతుందా?

బాబాయ్ పొడుగు పుస్తకంలో పెన్నుతో కూడా రాసుకుంటాడు కాబట్టి పది రోజుల బిల్లు ఆగలేదు. ఆ పేజీ ఫోటో తెప్పించుకుని నేనే అన్నీ మళ్ళీ కొట్టాను. ఒకచోట 4 లీటర్లో 9 లీటర్లో తేలక, ఆ ఇంటికే కబురంపి అడిగించాల్సి వచ్చింది.

ఇప్పుడు పచ్చ అక్షరాలు తీసేశాను. తెర పైన రెండే అంకెలు: ‘ల్యాప్‌టాప్‌లో ఉన్నవి’, ‘సర్వర్‌కి చేరినవి’. నిన్న రాత్రి బాబాయ్ ఫోన్ చేశాడు. “ఇంకా మూడు వ్యాన్ ఎక్కలేదురా. ట్యాబ్ మూసెయ్యమంటావా, వద్దా?”