లైట్లు తర్వాత, ఎస్‌ఎంపీఎస్ ముందు

మొదటి గేమింగ్ పీసీ కోసం సికింద్రాబాద్ సీటీసీకి బయల్దేరే జూనియర్లంతా ఒకటే మాట: "స్ట్రీమింగ్ కూడా చేస్తానన్నా, ఐ9 ఉండాలి కదా?" అక్కర్లేదు తమ్ముళ్లూ! ఆర్‌టీఎక్స్ కార్డులో వీడియో ఎన్‌కోడ్ చేయడానికే ఎన్‌వెంక్ అనే విడి భాగం ఉంటుంది. ఓబీఎస్‌లో దాన్ని ఎంచుకుంటే ప్రాసెసర్ మీద భారం చాలా తగ్గుతుంది, ఆరు కోర్లది సరిపోతుంది. ర్యామ్ 16 జీబీది ఒకటి కాదు, 8 జీబీవి రెండు వేయించండి.

మిగిలే డబ్బు రంగుల లైట్ల క్యాబినెట్‌కి పోతుంటే నాకు కడుపు మండుతుంది. ఇంట్లోవాళ్లు ఫీజులు కట్టాక సర్దిన డబ్బది. నన్నడిగితే అది ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టాలి. అన్ని భాగాలకూ కరెంటు అందులోంచే కదా, నాసిరకమైతే పోతూ పోతూ కార్డునీ, బోర్డునీ వెంట తీసుకుపోగలదు. పెట్టె మీద '80 ప్లస్' ముద్ర చూసి మురవకండి, అది కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది, రక్షణ గురించి కాదు. షాపతను బిల్లులో ఉత్త '550 వాట్స్' అని రాస్తే, మోడల్ పేరు రాయించాకే డబ్బులివ్వండి.