తుపాకీ ఒకరి పేరున, ఇల్లు అందరిదీ

తుపాకీ లైసెన్సు రెన్యువల్‌కు దరఖాస్తు పెడితే పోలీసు విచారణ తప్పదు. కృష్ణా జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటు హోదాలో మచిలీపట్నంలోని కలెక్టరుది. కలెక్టరేటులో పడిన దరఖాస్తు ఎస్పీ ఆఫీసు మీదుగా దరఖాస్తుదారుడి ఊరి స్టేషనుకు దిగుతుంది. ఆ స్టేషను గుడివాడలో కావచ్చు, దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరుల్లో కావచ్చు. స్టేషన్ అధికారి రిపోర్టు మళ్లీ అదే దారిన పైకి వెళ్తుంది. విచారణ లైసెన్సుదారుడి నడవడితో ఆగక భార్యాపిల్లలు, తల్లిదండ్రులు, అదే ఇంట్లో ఉండే అన్నదమ్ముల వివరాలదాకా పోయినప్పుడు ‘తుపాకీ నాది, వాళ్ల సంగతి మీకెందుకు’ అన్న మాట వస్తుంది. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే అది ఏ ప్రశ్నలకు వర్తిస్తుందో, ఏ ప్రశ్నలకు వర్తించదో విడదీసి చూడాలి.

పాత లైసెన్సే కదా, ముద్ర వేసి ఇచ్చేయొచ్చు అనడానికి చట్టం ఒప్పుకోదు. 1959 నాటి ఆయుధాల చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొత్త లైసెన్సుకు 13, 14 సెక్షన్లలో ఉన్న నిబంధనలే రెన్యువల్‌కూ వర్తిస్తాయి. దగ్గరి పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకోవాలని 13వ సెక్షన్ చెబుతుంది. అవసరమనిపిస్తే లైసెన్సు అధికారి మరింత విచారణ చేయించవచ్చు. మతిస్థిమితం లేనివారికి, అనర్హులకు ఇవ్వకూడదని, ప్రజాశాంతికి, ప్రజల భద్రతకు ముప్పు ఉంటే నిరాకరించవచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. 2019 డిసెంబరు సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. తుపాకులు తగ్గించడం మంచిదే. కానీ ఐదేళ్లంటే ఒక ఇల్లు పూర్తిగా మారిపోయేంత కాలం. పదమూడేళ్ల పిల్లవాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడవుతాడు. మందు ముట్టనివాడు తాగుబోతు అవుతాడు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకుని కోర్టుకెక్కుతారు. పెద్దాయనకు మతిమరుపు ముదురుతుంది. ఇవేవీ లైసెన్సు పుస్తకంలో కనపడవు. ఐదేళ్లకొకసారి జరిగే ఈ విచారణలోనే తెలియాలి.

ఇంటివాళ్ల గురించి అడగడం పోలీసులు కొత్తగా పుట్టించినది కూడా కాదు. కుటుంబంలో ఇంకెవరి దగ్గరైనా ఆయుధం ఉందా, తుపాకీ, తూటాలు దాచడానికి భద్రమైన చోటు ఉందా అన్న ప్రశ్నలు 2016 ఆయుధాల నియమాల కింద ఇచ్చిన దరఖాస్తు ఫారంలోనే ఉన్నాయి. దరఖాస్తుదారుడి శారీరక, మానసిక ఆరోగ్యం గురించి, మత్తుపదార్థాల అలవాటు లేదని డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఆ నియమాల్లోనిదే. కాబట్టి ఇంటి గురించి అడగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది. ఏది అడగాలి, ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్న చోటే అసలు చిక్కు.

ఇప్పుడు జరిగే తీరు చాలా ఊళ్లలో ఒకటే. కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వస్తాడు. అరుగు మీద కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు. ఇంటి యజమాని ఎదురుగా కూర్చుంటాడు. పాత లైసెన్సు, ఆధార్ జిరాక్సు చేతులు మారతాయి. ‘ఇంట్లో గొడవలేం లేవుగా’ అని కానిస్టేబుల్ యజమానినే అడుగుతాడు. ‘ఏం లేవండీ’ అని యజమాని అంటాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ ఇల్లాలిని ఎవరూ ఏమీ అడగరు. పడగ్గది బీరువాలో పాత పంచెలో చుట్టిన డబుల్ బ్యారెల్ తుపాకీ, అదే అరలో తూటాల పెట్టె, బీరువా తాళంచెవి దేవుడి పటం వెనక. ఆ తాళంచెవి సంగతి ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. రిపోర్టులో మాత్రం ‘అభ్యంతరం లేదు’ అని రాస్తారు. ఇలాంటి విచారణ వల్ల యజమాని సమయం, పోలీసుల సమయం ఖర్చవుతాయి తప్ప ఎవరి ప్రాణానికీ రక్ష ఉండదు.

ఇల్లాలిని అడగకపోవడం ఎంత పెద్ద లోపమో ఇతర దేశాల అనుభవం చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో 2021 ఆగస్టు 12న లైసెన్సున్న ఒక యువకుడు ఐదుగురిని కాల్చి చంపాడు. మొదట చనిపోయింది అతని తల్లి. అంతకు ముందు ఒక దాడి కేసులో పోలీసులు అతని తుపాకీ, లైసెన్సు తీసుకుని, సంఘటనకు నెల రోజుల ముందే తిరిగి ఇచ్చారు. 2023లో మరణ విచారణ జరిపిన జ్యూరీ పోలీసు శాఖ వైఫల్యాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. కెనడాలో లైసెన్సు దరఖాస్తు మీద జీవిత భాగస్వామి సంతకం అడుగుతారు. గత రెండేళ్లలో విడిపోయిన భాగస్వామి ఉంటే ఆ వివరాలూ రాయాలి. సంతకం లేకపోతే, దరఖాస్తు వచ్చిన సంగతి భాగస్వామికి తెలియజేస్తారు. తుపాకీ ఉన్న ఇంట్లో దానికి మొదట ఎదురుపడేది ఇంటివాళ్లే అన్న ఎరుక ఆ పద్ధతిలో ఉంది. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన మనిషికి తుపాకీ అందితే కాపాడుకునే వ్యవధి కూడా ఉండదు.

ఇక్కడ కూడా ఇల్లాలిని, పెద్దవయసు తల్లిదండ్రులను విడిగా, లైసెన్సుదారుడు లేని చోట అడగాలి. మహిళా కానిస్టేబుల్ ఇంటికే వెళ్లి అడగాలి. స్టేషనుకు పిలిపించకూడదు. నేర దర్యాప్తులోనే మహిళను సాక్షిగా ఇల్లు దాటి రమ్మనకూడదన్న రక్షణ చట్టంలో ఉంది. లైసెన్సు విచారణలో అంతకన్నా తక్కువ మర్యాద పనికిరాదు. ఆమె చెప్పింది భర్త చేతికి వెళ్లే కాగితం మీద ఎక్కకూడదు. ఆ హామీ లేకుండా అడిగితే ఆమె ‘ఏం లేదమ్మా’ అంటుంది, ప్రశ్న వృథా అవుతుంది.

అభ్యంతరంలో న్యాయమున్న వైపు ఇక చూడాలి. ఆస్తి, కులం, పార్టీ, విదేశాల్లో ఉన్న కొడుకు సంపాదన, బంధువుల ఫోన్ నంబర్లు, ఇంటిల్లిపాది ఆధార్ నకళ్లు – వీటికీ తుపాకీ భద్రతకూ సంబంధం లేదు. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దాని వెనక చరిత్ర ఉంది. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేయడానికి పెట్టినది. తుపాకీ పట్టుకునే భాగ్యం విధేయతను బట్టి, హోదాను బట్టి దక్కేది. ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలన్నది 1930లో గాంధీ ప్రభుత్వం ముందుంచిన 11 కోరికల్లో ఒకటి. 1931 కరాచీ కాంగ్రెస్ హక్కుల తీర్మానంలోనూ ఆయుధాల మాట ఉంది. స్వతంత్ర భారతం 1959లో తన చట్టం రాసుకుంటూ ఆస్తి పరీక్షను పక్కన పెట్టింది. దాన్ని విచారణ పేరుతో దొడ్డిదారిన మళ్లీ తేకూడదు.

పైగా ప్రభుత్వానికి ఇంటి వివరాలు కొరతగా లేవు. 2016లో ప్రజాసాధికార సర్వే గడప గడపకూ తిరిగింది. 2019 తర్వాత 50 ఇళ్లకొక వలంటీరు చొప్పున వివరాలు సేకరించారు. పోలీసులు అదే మళ్లీ పుస్తకంలో రాసుకుంటే, ఆ పుస్తకం ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుంటుందో అన్న భయం సహజం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం అండ ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, జోక్యం ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. ‘ఇంట్లో ఎవరైనా మానసిక చికిత్సలో ఉన్నారా’ అన్న ప్రశ్న ఈ పరీక్షకు నిలుస్తుంది. ‘మీ తమ్ముడు ఏ పార్టీ’ అన్నది నిలవదు.

కృష్ణా డెల్టాలో ఎక్కువ శ్రద్ధగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: తుపాను వస్తే తుపాకీ ఎక్కడ ఉంటుంది? 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో తుపాను హెచ్చరిక వస్తే ఇల్లు వదిలి వెళ్లడం ప్రాణావసరమైంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు లంక గ్రామాలు ఖాళీ చేయించారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటినప్పుడూ తీర గ్రామాల జనాన్ని తరలించారు. అలాంటి రాత్రి తాళం వేసిన ఇంట్లో తుపాకీ వదిలేయడమా, పిల్లలూ ముసలివాళ్లూ కిక్కిరిసిన షెల్టరుకు మోసుకెళ్లడమా? ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషనులో జమ చేయించుకుని రసీదిచ్చే ఏర్పాటు ఉండనే ఉంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడూ అదే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

విచారణ సాకుతో రెన్యువల్ నెలల తరబడి ఆగడం వేరే అన్యాయం. బ్యాంకుల దగ్గర, ఏటీఎం వాహనాల మీద కాపలా కాసే మాజీ సైనికులకు లైసెన్సే ఉద్యోగం. గడువులోగా పోలీసు రిపోర్టు రాకపోతే దానికోసం ఆగకుండా ఉత్తర్వు ఇచ్చే వీలు 13వ సెక్షనులోనే ఉంది. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి అడ్డు కాకపోతే, అడిగినవారికి ఆ కారణం ఇవ్వాలి. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

జిల్లా యంత్రాంగం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఇంటి గురించి అడిగే ప్రశ్నలను తెలుగులో ఒక్క పేజీలో అచ్చువేసి, అన్ని స్టేషన్లకూ అదే పంపాలి. దరఖాస్తు ఇచ్చిన రోజే ఆ పేజీ నకలు దరఖాస్తుదారుడికీ ఇవ్వాలి. ఆ పేజీలో లేని ప్రశ్నకు జవాబు చెప్పనందుకు రెన్యువల్ ఆపకూడదు. ఆ పేజీలో ఉన్న ప్రశ్నలు మాత్రం ఇల్లాలిని విడిగా అడగకుండా ఏ రిపోర్టూ కలెక్టరేటుకు చేరకూడదు.